హషర్‌లో పెట్టిన సంతకం

ఫ్యాక్టరీ డైరెక్టర్ హోతమ్‌జాన్ బుట్టెడు అరటిపళ్ళతో ఆస్పత్రికి వచ్చాడు. మంచం అంచున కూర్చుని, ఒక పండు ఒలిచి, తన చేత్తోనే ఇబోద్ నోటికి అందించాడు. ఇబోద్‌కి పోయినవి కాళ్ళు. చేతులకేమీ కాలేదు, పండు ఒలుచుకుని తినగలడు. కానీ గుమ్మం దగ్గర ఫ్యాక్టరీ ఫొటోగ్రాఫర్ కెమెరా పట్టుకుని నిలబడి ఉన్నాడు కనక, ముప్పై నాలుగేళ్ళ మగవాడు చంటిపిల్లాడిలా నోరు తెరిచాడు. మొదటి ఫొటోలో డైరెక్టర్‌గారి మొహం సరిగా పడలేదట. ఆయన రెండో పండు ఒలిచాడు.

మంచానికి కాళ్ళవైపు నిలబడి చూస్తున్న సనవ్‌బర్ చూపు కిటికీ వైపు తిప్పుకుంది. ఆమె ఆ ఫ్యాక్టరీలో భద్రతాధికారి. ఇస్ఫరా లోయలో పండే ఆప్రికాట్లను ఎండబెట్టి, గింజ తీసి, పెట్టెల్లో సర్ది పరాయి దేశాలకు పంపే ఫ్యాక్టరీ అది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమె తెగిన వేళ్ళు చూసింది, గంధకం పొగకి స్పృహ తప్పినవాళ్ళని చూసింది. మంచం మీద మనిషికి పండు తినిపించి ఫొటో దిగే మొహాన్ని మాత్రం ఇదే చూడడం.

"మనమంతా ఒకే కుటుంబం ఇబోద్‌జాన్," అన్నాడు హోతమ్‌జాన్, వేళ్ళు రుమాలుతో తుడుచుకుంటూ. "ఒకరికి దెబ్బ తగిలితే అందరికీ నొప్పే."

"ఈయనకైతే నొప్పి లేదండీ," అంది కిటికీ దగ్గర నిలబడ్డ ఇబోద్ భార్య మునీరా. "నడుం కింద ఏమీ తెలియట్లేదు."

ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు. హోతమ్‌జాన్ ఆ మాట విననట్టే లేచి, ఇబోద్ భుజం తట్టి, తలుపు దగ్గర సనవ్‌బర్‌తో, అక్కను పిలిచినట్టు పిలుస్తూ, మెల్లగా అన్నాడు. "ఆపా, మధ్యాహ్నం నా గదికి రండి. మీ పుస్తకం కూడా తీసుకురండి."

ఆ పుస్తకం సంగతి చెప్పాలంటే శనివారం సంగతి చెప్పాలి.

ఆ ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టుకున్నా, కాలువ పూడిక తీయాలన్నా హషర్ పిలుస్తారు. పిలిచారంటే అందరూ పనిముట్లు పట్టుకుని వెళ్ళిపోతారు. కూలి అడిగేవాళ్ళూ లేరు, ఇచ్చేవాళ్ళూ లేరు. మధ్యాహ్నం పెద్ద డేగిసాలో ఓష్ వండుతారు. అందరూ ఒకచోట కూర్చుని ఆ మాంసం పులావు తిని, చేతులెత్తి దువా చేసి, ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. అక్కడ చేసిన పని గురించి తర్వాత ఒక్క మాట ఎత్తినా తిన్న కంచంలో ఉమ్మినట్టే. ఇబోద్ ఇల్లు అలా లేచిందే, సనవ్‌బర్ ఇంటి గోడలూ అలా లేచినవే. అంత చక్కటి అలవాటును హోతమ్‌జాన్ కొరడా చేసుకున్నాడు. ఊళ్ళో పాత సామూహిక వ్యవసాయ క్షేత్రం పెద్దను పిలిచినట్టే ఆయన్ను కూడా జనం రయీస్ అని పిలుస్తారు, ఆయనకు అది భలే ఇష్టం. శుక్రవారం గేటు దగ్గర బోర్డు మీద కాగితం అంటించాడు: "రేపు ఉదయం ఏడింటికి హషర్. పూర్తిగా స్వచ్ఛందం. రాలేనివారు కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి."

కారణం రాసిచ్చే ధైర్యం ఎవరికుంటుంది? ఇరవై రెండు మంది వెళ్ళారు. కట్టేది ఫ్యాక్టరీ అతిథి గృహమట, విదేశాల నుంచి వచ్చే కొనుగోలుదారులు దిగడానికట. కొనుగోలుదారులకు ద్రాక్షపందిరి ఎందుకో, రయీస్ కొడుకు పెళ్ళికి సరిపోయేంత హాలు ఎందుకో ఎవరూ అడగలేదు. ఈ రయీసే ప్రతి సోమవారం పొద్దున జనాన్ని గేటు దగ్గర వరసలో నిలబెట్టి నీతి నియమావళి చదివిస్తాడు. మనిషి ప్రాణం పెట్టుబడి కన్నా విలువైనదని అందులో ఏడో నియమం. నీరసంగా చదివినవాళ్ళ చేత ఇంకోసారి చదివిస్తాడు. అంత నీతి వారం వారం వల్లె వేయించేవాడి చేతికింద పనిచేస్తే ఎవరి పళ్ళైనా పులుస్తాయి.

సనవ్‌బర్ ఆ శనివారం హషర్‌కి ఎవరూ తీసుకెళ్ళనిది తీసుకెళ్ళింది. భద్రతా పుస్తకం. ఫ్యాక్టరీలో ఎవరైనా ఎత్తు మీద పనికి ఎక్కేముందు ఆమె పది జాగ్రత్తలు చదివి వినిపించి, ఆ పుస్తకంలో సంతకాలు తీసుకుంటుంది. ఆ అలవాటు ఆమెకు ఎముకల్లో దిగిపోయింది. జనం పైకప్పు రేకుల దగ్గర గుమిగూడడం చూడగానే సంచీలోంచి పుస్తకం తీసింది.

"ఆపా, నిద్రపోయేముందు ఇంట్లో కూడా సంతకాలు తీసుకుంటారా ఏంటి?" అన్నాడు స్టోర్ చూసే తోలిబ్. అప్పటికే డేగిసా దగ్గర గరిటె పట్టుకుని ఉన్నాడు.

"మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఉంటే ఆయన చేతా పెట్టించేదాన్ని. నువ్వు మాట్లాడకుండా పెట్టు."

అందరూ నవ్వుకుంటూ సంతకాలు పెట్టారు. పైన ఆమె ఎప్పటిలాగే గళ్ళు నింపింది. పని: పైకప్పు రేకులు వేయడం. చోటు: అతిథి గృహం. ఎవరి ఆదేశం: డైరెక్టర్. చెయ్యి తనంతట తనే రాసేసింది. హషర్‌కి ఆదేశం ఏమిటి, భద్రతా పుస్తకం ఏమిటి అని ఒక్క క్షణం కూడా తట్టలేదు.

ఆపైన తాళ్ళ సంగతి వచ్చింది. "నడుముకి తాడు లేకుండా ఎవరూ ఎక్కకూడదు," అందామె.

"తాళ్ళు ఫ్యాక్టరీ స్టోర్‌లో ఉన్నాయి," అన్నాడు రయీస్. "తాళంచెవి తోలిబ్ దగ్గరుంది. తోలిబ్ ఓష్ దగ్గరున్నాడు. ఇప్పుడతన్ని కదిపితే బియ్యం అడుగంటుతాయి. వదిలేయండి ఆపా, ఇది మనిల్లు. మనింటికి కూడా తనిఖీయా?"

జనం నవ్వారు. సనవ్‌బర్ కూడా నవ్వింది.

తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చినా ఆమెకు అన్నిటికన్నా ఆ నవ్వే ముల్లులా గుచ్చుకునేది. మధ్యాహ్నం గాలి లేచింది. ఆమె ఓష్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఉంది, మొదటి ముద్ద నోట్లో ఉంది. పైకప్పు మీద చివరి రేకు పట్టుకున్న ఇబోద్ గాలితోపాటు రేకుతో సహా వెనక్కి వెళ్ళాడు. కింద సిమెంటు బస్తాలుంటే చిన్న దెబ్బలతో బయటపడేవాడు. ఇటుకలున్నాయి.

ఆస్పత్రి నుంచి వచ్చాక, సోమవారం మధ్యాహ్నం రయీస్ గదిలో ఆమెకు టీ పోసింది స్వయంగా రయీసే. పియాలా సగం కూడా నింపలేదు. అది అక్కడి మర్యాద, గౌరవించాలనుకున్న వాళ్ళకి కొంచెం కొంచెమే మళ్ళీ మళ్ళీ పోస్తారు. రయీస్ దగ్గర ఆ మర్యాద చూస్తుంటే ఆమెకు ఇంకా అనుమానం పెరిగింది.

"పుస్తకం తెచ్చారా?"

"తెచ్చాను."

"ఆ పేజీ చించేయండి."

ఆమె పుస్తకాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

"చూడండి ఆపా. నేను మీ మంచికే చెబుతున్నాను. అది హషరైతే దేవుడు చేసింది. దేవుణ్ణి ఎవరు అడుగుతారు? అదే ఫ్యాక్టరీ పనైతే మనిషి చేసింది. ఏ మనిషి? తాడు లేకుండా ఎక్కనిచ్చిన మనిషి. అక్కడ భద్రతాధికారి ఎవరు? నేనా?"

"తాళ్ళు అడిగాను."

"అడిగినట్టు ఎక్కడైనా రాశారా? సంతకాలు తీసుకున్నట్టు మాత్రం రాశారు. అంటే మీరక్కడ డ్యూటీలో ఉన్నట్టు. డ్యూటీలో ఉండి మనిషిని పడనిచ్చారు. లోపల వేస్తారు ఆపా. మీకు పెన్షన్ రెండేళ్ళలో ఉంది. కూతురు కడుపుతో ఉంది కదా, మనవణ్ణి ఎత్తుకోకుండా జైల్లో ఉంటారా?"

ఈ మాట ఆయన బెదిరించినట్టు అనలేదు. ఇంట్లో మనిషి దగ్గర కూర్చుని బాధపడ్డట్టు అన్నాడు. అలాంటి గొంతుతో అలాంటి మాట వినాల్సి వచ్చినప్పుడు ఒళ్ళంతా జిడ్డు పట్టినట్టుంటుంది.

"మరి ఇబోద్ సంగతి?" అంది.

"ఇబోద్‌ని మనం చూసుకోమా? చక్రాల కుర్చీ తెప్పిస్తున్నాను. వెనక మన ఫ్యాక్టరీ పేరు, గుర్తు వేయించి మరీ. గురువారం యూరప్ వాళ్ళు వస్తున్నారు, మనకు ఉత్తమ నీతిగల సంస్థ అని సర్టిఫికెట్ ఇస్తారు. ఆ వేదిక మీదికి ఇబోద్‌ని కుర్చీలో తీసుకొస్తాం. నాలుగు మాటలు మాట్లాడతాడు. అందరి కళ్ళూ చెమరుస్తాయి."

ప్రమాదం పనిలో జరిగిందని తేలితే ఇబోద్‌కి ఫ్యాక్టరీ జీవితాంతం భృతి ఇవ్వాలి, వైద్యం చేయించాలి, మునీరాకి ఏదో ఒక పని చూపించాలి. హషర్‌లో జరిగిందంటే అరటిపళ్ళూ కుర్చీ. రయీస్ ఈ రెండూ ఒకటేనన్నట్టు మాట్లాడుతున్నాడు. సనవ్‌బర్ పియాలా కింద పెట్టింది. "ఆలోచిస్తాను," అంది. ఆ మాట అన్నందుకు మెట్లు దిగుతూ తనమీద తనకే అసహ్యం వేసింది. ఇందులో ఆలోచించాల్సిందేముంది? అయినా పేజీ చించలేదు కానీ, ఎవరికీ చెప్పలేదు కూడా. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి పరుపుల దొంతర కింద పెట్టింది.

మంగళవారం మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళింది. ఇబోద్ నిద్రలేచే ఉన్నాడు.

"రేపు కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు," అంది. "నిన్ను అడుగుతాడు. రయీస్ పంపిస్తేనే వెళ్ళానని చెప్పు."

ఇబోద్ కప్పు వైపు చూశాడు. "పంపిస్తేనే వెళ్ళానని ఎలా చెప్పను ఆపా? హషర్‌కి వెళ్ళాను. ఓష్ తిన్నాను."

"తినకముందే పడ్డావు."

"పొద్దున రొట్టె తిన్నానుగా." దుప్పటి అంచు సర్దుకున్నాడు. "నా ఇంటికి నలభై మంది వచ్చారు. ఒక్కడైనా తర్వాత నోరెత్తాడా? మా పక్కింటి ముసలాయనకి అప్పుడు గునపం కాలి మీద పడింది. ఇప్పటికీ కుంటుతాడు. ఎదురుపడితే 'ఇల్లు బాగుందా' అని అడుగుతాడు. నేను వెళ్ళి హషర్‌లో దెబ్బ తగిలింది, కట్టండి అంటే రేపు ఈ ఊళ్ళో ఎవరు ఎవరికి ఇల్లు కట్టిస్తారు? నా కొడుకు పెళ్ళికి ఎవరొస్తారు?"

"అది హషర్ కాదు ఇబోద్. ఆ ముసలాయన నీ ఇంటికి తన ఇష్టంతో వచ్చాడు. మీరు గేటు మీద కాగితం చూసి వెళ్ళారు."

"వెళ్ళాక హషరే."

ఇక ఆ మాట ముందుకు వెళ్ళలేదు. ఆమెకు ఒళ్ళు మండింది, జాలీ వేసింది. మర్యాద అనేది ఇలాంటి వాళ్ళ దగ్గరే ఉంటుంది, దాన్ని రయీస్ లాంటివాళ్ళే అమ్ముకుంటారు.

వరండాలో మునీరా వెంటపడి పట్టుకుంది. ఆమె మొహంలో ఏడుపు లేదు. ఏడుపు దాటిపోయిన మొహం. "ఆయన చేత చెప్పించడానికి వచ్చారా?" అంది. "మీరు చెప్పండి. మీకు చదువుంది, పుస్తకముంది. ఆ రోజు సంతకాలు పెట్టించుకున్నారటగా. సంతకం పెట్టించుకుని ఓష్ తినడానికి కూర్చున్నారట. మరి తాడు కట్టారా?"

"అడిగాను."

"అడిగి నవ్వారట."

ఎవరు చెప్పారో అడగాలనిపించింది సనవ్‌బర్‌కి. ఎవరు చెబితేనేం, నిజమే కదా.

బుధవారం పొద్దున్నే ఆమె పరుపుల కింద నుంచి పుస్తకం తీసి సంచీలో పెట్టుకుంది. రయీస్ గదిలోకి వెళ్ళేసరికి తిండి వడ్డించే దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి ఉంది. బాదం, ఎండు ద్రాక్ష, వేడి రొట్టె, వేయించిన గొర్రె మాంసం. ఇన్‌స్పెక్టర్ మిర్జో అనే ఆయన, పొట్ట ఉన్న మనిషి, బాదం పలుకులు గుప్పెడేసి నోట్లో పోసుకుంటున్నాడు. మాంసం ఎముక మీద ఇంకో రెండు ముద్దలే మిగిలాయి, అంటే వచ్చి చాలాసేపైంది.

"అదృష్టం బాగాలేక హషర్‌లో పడ్డాడు," అంటున్నాడు రయీస్. "మనసు ముక్కలైపోయింది."

సనవ్‌బర్ పుస్తకం తెరిచి మాంసం పళ్ళెం పక్కన పెట్టింది. "అది ఫ్యాక్టరీ పని. ఇదిగో పైన డైరెక్టర్ ఆదేశమని నేనే రాశాను. కింద ఇరవై రెండు సంతకాలు."

రయీస్ మొహంలో వచ్చిన మార్పు ఆమె ఎన్నాళ్ళైనా మర్చిపోదు. కోపం కాదు. ఆమె ఏదో వాంతి చేసుకున్నట్టు, ఆ వాంతి తన బట్టల మీద పడినట్టు చూశాడు.

ఇన్‌స్పెక్టర్ బాదం నమలడం ఆపి పేజీ చూశాడు. "ఇది మామూలు గొడవ కాదే," అన్నాడు. "సరే, సంతకం పెట్టినవాళ్ళని పిలవండి."

రయీస్ నవ్వాడు. "పిలుద్దాం. మనకు దాచేదేముంది?"

మొదట తోలిబ్ వచ్చాడు. పేజీ చూశాడు, రయీస్ వైపు చూశాడు. "ఇది నా సంతకం కాదండీ," అన్నాడు. "నేనా రోజు ఓష్ దగ్గరున్నాను. నాకు పైకప్పుతో ఏం పని?"

"నువ్వే పెట్టావు తోలిబ్. నా భర్త మీద జోకు కూడా వేశావు," అంది సనవ్‌బర్.

"మీ భర్తగారి మీద ఎందుకు వేస్తాను ఆపా, పోయినవాళ్ళ గురించి అలా మాట్లాడతానా?" అన్నాడు తోలిబ్ చాలా నొచ్చుకున్నట్టు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. గింజలు ఏరే లోలా ఆ రోజు జ్వరంతో ఇంట్లోనే ఉందట. గతేడాది మెషీన్‌లో చెయ్యి ఇరుక్కున్నప్పుడు సనవ్‌బరే ఆమెను ఆస్పత్రికి మోసుకెళ్ళింది. ఆ చేత్తోనే ఇప్పుడు తల కొంగు సర్దుకుంటూ, నాకేం తెలియదండీ అంది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు, ఊరందరికీ పెళ్ళి పత్రికలు రాసిపెట్టేవాడు, తనకు సంతకం చేయడమే రాదన్నాడు. ఎవరూ ఆమె మొహం వైపు చూడలేదు. అందరూ రయీస్‌కి సలాం చేసి వెనక్కి నడిచి వెళ్ళిపోయారు. వాళ్ళు భయపడితే ఆమె అర్థం చేసుకునేదే. ఆమెకు కూడా భయముంది. కానీ కొందరు నవ్వుకుంటూ చెప్పారు. అబద్ధం ఆడి, ఆ అబద్ధం భలే కుదిరిందన్నట్టు నవ్వారు. అక్కడ కూర్చున్నంతసేపూ ఆమెకు చేతులు కడుక్కోవాలని అనిపిస్తూనే ఉంది.

ఇరవై ఒక్క మంది అయ్యేసరికి ఇన్‌స్పెక్టర్ మళ్ళీ మాంసం తినడం మొదలుపెట్టాడు. "ఆపా," అన్నాడు, "ఇరవై ఒక్కరు కాదంటున్నారు. మీరొక్కరే అవునంటున్నారు. ఈ సంతకాలన్నీ మీరే పెట్టారనుకోవాల్సి వస్తుంది. అది ఇంకా పెద్ద నేరం, తెలుసా?"

"ఇంకొకడున్నాడు," అంది.

"ఎవరు?"

"ఇబోద్."

రయీస్ అన్నను బతిమాలినట్టు చేతులు చాచాడు. "నొప్పితో ఉన్న మనిషి మిర్జో అకా. పాపం, ఇప్పుడతన్ని ఎందుకు కదపడం?"

"అతనికి నొప్పి లేదట," అంది సనవ్‌బర్. "మునీరా చెప్పింది, మీరే విన్నారు."

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చి, చేతులు తుడుచుకుని లేచాడు. ఆయన వెళ్ళింది నిజం తెలుసుకోవడానికి కాదు. ప్రమాదంలో పడ్డవాడి మాట లేకుండా నివేదిక మీద ముద్ర పడదు, అంతే. రయీస్ తన కారులోనే తీసుకెళ్ళాడు. సనవ్‌బర్ మినీబస్సు ఎక్కింది.

ఆమె వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్ మంచం పక్కన కూర్చుని రాసుకుంటున్నాడు. ఆస్పత్రి డాక్టరమ్మ, నిద్ర చాలని కళ్ళతో, ఇంకో మంచం మీది రోగికి సూది వేస్తోంది. మునీరా గోడకు ఆనుకుని ఉంది.

"మీ ఇష్టంతోనే వెళ్ళారా హషర్‌కి?"

"నా ఇష్టంతోనే," అన్నాడు ఇబోద్.

"ఎవరూ బలవంతం చేయలేదు?"

"హషర్‌కి బలవంతం ఉండదు సార్."

ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. రయీస్ తృప్తిగా తల ఊపి, "చూశారా, మావాళ్ళు ఎలాంటివాళ్ళో," అన్నాడు. మునీరా కళ్ళు మూసుకుంది. సనవ్‌బర్ ఆమె వైపు చూడలేక నేల వైపు చూసింది.

"ఇక ఒకటే," అన్నాడు ఇన్‌స్పెక్టర్, పుస్తకం తీసి ఇబోద్ మొహం ముందు పట్టుకుని. "ఇందులో మీ పేరుతో ఒక సంతకముంది. మిగతావాళ్ళంతా ఇవి వాళ్ళ సంతకాలు కావని చెప్పారు. ఇది కూడా మీది కాదని రాసుకోమంటారా?"

ఇబోద్ పేజీలోని పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చదివాడు.

"మిగతావాళ్ళు కాదన్నారా?" అన్నాడు.

"కాదన్నారు."

"తోలిబ్ కూడా?"

"అందరూ."

ఇబోద్ తల తిప్పి రయీస్ వైపు చూశాడు. "రయీస్, నేను హషర్‌కి నా ఇష్టంతోనే వచ్చాను. అది కాదనను. కానీ ఇది నా సంతకం. దీన్ని నేను కాదని ఎలా అనను? నా చెయ్యి ఇంకా నాదే కదా."

"ఇబోద్‌జాన్, మందుల మత్తులో ఉన్నావు. ఆలోచించి చెప్పు. కుర్చీ బయట కారులోనే ఉంది."

"మత్తేం లేదు. పొద్దున్నుంచీ మందులు ఇవ్వలేదు, బయట కొనుక్కురమ్మన్నారు. మునీరా దగ్గర డబ్బులు లేవు." ఇంకోసారి పేజీ చూశాడు. "సంతకం నాది సార్. నేను చూస్తుండగానే మిగతా ఇరవై ఒక్కమందీ పెట్టారు. ఆపా పది మాటలు చదివింది. పదో మాట తాడు సంగతి. ఆపా తాళ్ళు అడిగింది. ఈయన వద్దన్నాడు. పెట్టినవాళ్ళు పెట్టలేదంటున్నారంటే, ఇక అది హషర్ ఎలా అవుతుంది? హషర్‌లో ఎవరైనా అబద్ధాలాడతారా?"

డాక్టరమ్మ సూది పళ్ళెంలో పెట్టి ఇటు తిరిగింది. "నేను కూడా విన్నాను," అంది ఇన్‌స్పెక్టర్‌తో. "పూర్తిగా రాయండి. రేపు నన్ను అడిగితే నేను కూడా ఇదే చెబుతాను."

రయీస్ మంచం దగ్గరికి వంగాడు. బుట్టలో మిగిలిన అరటిపళ్ళ వైపు ఒకసారి చూశాడు, ఇబోద్ వైపు చూశాడు. "తిన్న ఓష్ ఇంకా అరగలేదు, అప్పుడే..." అన్నాడు.

"నేను ఓష్ తినలేదు రయీస్," అన్నాడు ఇబోద్. "తినకముందే పడ్డాను."

రయీస్ వెనక్కి తిరిగి సనవ్‌బర్ మీదకు వచ్చాడు. ఇప్పుడు ఆ గొంతులో ఇంటి మనిషి బాధ లేదు. "సరే. పని అనే రాయండి మిర్జో అకా. డ్యూటీలో ఉన్న భద్రతాధికారి కళ్ళముందే తాడు లేకుండా ఎక్కారని కూడా రాయండి. బాధ్యులు ఎవరో ఆవిడనే అడగండి."

ఇన్‌స్పెక్టర్ కలం పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఆయన మొహంలో, ఇప్పుడైనా తగ్గండి ఆపా, మన ఇద్దరి పనీ తేలికవుతుంది అన్న చూపు కనిపించింది. ఆ చూపు కూడా ఆమెకు జిగటగానే అనిపించింది. మనవడి మాట గుర్తొచ్చింది. పెన్షన్ గుర్తొచ్చింది. పక్క మంచం చువ్వ పట్టుకుంది.

"ఎక్కమన్నది హోతమ్‌జాన్," అంది. "తాళ్ళు తేనివ్వనిది కూడా ఆయనే. ఆపాల్సింది నేను. ఆయన నవ్వితే నేను కూడా నవ్వి కూర్చున్నాను. ఇద్దరి పేర్లూ రాయండి. నాది ముందు రాయండి."

"లోపలికి వెళ్తారు ఆపా," అన్నాడు రయీస్.

"వెళ్తాను. మీరు పక్క గదిలో ఉంటారు. అక్కడ సోమవారం పొద్దున మీ నియమావళి చదివిద్దురుగాని."

రయీస్ ఇక అక్కడ నిలబడలేదు. అతని బూట్ల చప్పుడు వరండాలో మెట్ల దాకా వినపడింది. కాసేపటికి కారు తలుపు చప్పుడైంది, చక్రాల కుర్చీ కారులోనే వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు రాశాడు. చివరికి కాగితాలు సనవ్‌బర్‌కి అందించాడు. ఆమె చదివి, తన పేరు కింద సంతకం పెట్టింది. తర్వాత ఇబోద్ చెప్పిన మాటల కింద ఇబోద్ సంతకం కావాలన్నాడు.

పడుకుని రాయడం అతనికి కుదరలేదు. కలం జారిపోయింది. మునీరా వచ్చి అతని మెడ కింద చెయ్యి పెట్టి, నడుం కదలకుండా జాగ్రత్తగా తల పైకి లేపింది. అట్ట మీద కాగితం నిలవడం లేదు.

మునీరా సనవ్‌బర్ వైపు చూసింది. మంగళవారం నుంచి ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

"ఆపా," అంది, "మీరిలా రండి. ఈ కాగితం గట్టిగా పట్టుకోండి."